తొమ్మిదో బొమ్మ

జూన్ 2, సోమవారం

పాత కంప్యూటర్లు ఆరూ తీసేశారు. ఓనరు శెట్టర్ కొత్తవి నాలుగు తెచ్చాడు. హానగల్‌లో ఇలాంటివి మన ఇన్‌స్టిట్యూట్‌కే మొదట వచ్చాయని టెంకాయ కొట్టించాడు. హారతి నేనే ఇచ్చాను. పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడ టీచరును, నేనే ఇవ్వాలి కదా.

అందరూ వెళ్ళాక సెట్టింగ్స్ తెరిచాను. తెల్లటి పేజీ. ఎడమ పక్క పది మాటలు, కుడి పక్క నాలుగు, మిగిలినదంతా ఖాళీ. పాతవాటి కంట్రోల్ ప్యానెల్‌లో నలభై బొమ్మలు ఒక్క చూపులో కనబడేవి. ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. ఇది పెద్ద ఫోన్‌లా ఉంది. నాది కీప్యాడ్ ఫోన్.

జూన్ 3

ఆ పేజీలో మౌస్ దొరికింది. ప్రింటర్ దొరకలేదు.

జూన్ 11, బుధవారం

ఫకీరప్పకు పరీక్ష ఇంకా పదకొండు రోజులు.

ఆయన నీటిపారుదల ఆఫీసులో అటెండరు. యాభై మూడేళ్ళు. కంప్యూటర్ పరీక్ష పాసైతే క్లర్కు అవుతాడు. ఈ ఏడాది రెండుసార్లు పెడతారు, ఆ తర్వాత ఆయనకు అవకాశం లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ కుర్చీల దుమ్ము దులుపుతున్నాను టీచరమ్మా, ఒకదాంట్లో నేనూ కూర్చుని చూడాలి అంటాడు.

నా పద్ధతి ఆయనకు బాగా పట్టింది. హుబ్లీలో నాకు నేర్పినాయన బొమ్మల చోట్లు చెప్పాడు. నేను వాటికి అంకెలు పెట్టాను. తేదీ మూడు, మౌస్ ఆరు, ప్రింటర్ తొమ్మిది. ఇంగ్లీషు సరిగా రాని వాళ్ళు కూడా ఎక్కాల్లా చదివి పాసయ్యారు. గోడ మీద చార్టు నా చేతిరాతే.

చార్టు మీదే కాకుండా కొత్త కంప్యూటర్ మీద కూడా చెప్పరూ అని అడిగాడు. పరీక్ష హాల్లో పాతవే ఉంటాయి, గవర్నమెంటు వాళ్ళు అంత తొందరగా మారుస్తారా అన్నాను. నిజమేమిటంటే నాకు హాల్లో ఏవి ఉంటాయో తెలియదు. కొత్త దాని మీద చెప్పడం రాక అలా అన్నాను.

జూన్ 23, సోమవారం

హాల్లో కొత్తవే ఉన్నాయట.

ఫకీరప్ప వచ్చి మొత్తం చెప్పాడు. మామూలుగా ప్రింటయ్యే ప్రింటర్‌ను మార్చమని ప్రశ్న. ప్రింటర్ అంటే తొమ్మిది. ఎడమ వరసలో పై నుంచి తొమ్మిది లెక్కపెట్టి నొక్కాడు. లోపల ఏదో పేజీ వచ్చింది. అక్కడ కనబడిన మీటను పక్కకు జరిపాడు. అంతే, కంప్యూటర్ ఇంగ్లీషులో పెద్దగా మాట్లాడటం మొదలుపెట్టింది. కీబోర్డు మీద ఏ మీట నొక్కితే ఆ మీట పేరు చదివింది. అది చూపులేని వాళ్ళ కోసం పెట్టిన గొంతు అని తర్వాత ఎవరో చెప్పారట. నోరు మూసేద్దామని తెర మీద చెయ్యి పెట్టాను టీచరమ్మా, దానికి నోరెక్కడుందో తెలిస్తేగా అన్నాడు.

హాలంతా నవ్విందట. సూపర్‌వైజర్ వచ్చి ఎవరయ్యా నీకు నేర్పిన మహానుభావుడు అని అడిగాడట. ఆ గొంతు ఆగలేదు కాబట్టి దానికంటే గట్టిగా చెప్పాడట, హానగల్ శకుంతలా హిరేమఠ టీచరమ్మ అని.

ఈ మాట నాకు గర్వంగా చెప్పాడు. నేను టీ తెప్పించాను.

జూన్ 25

శెట్టర్ పిలిచాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, అక్కా అంటాడు. అక్కా, మీ పేరు జిల్లా మొత్తం మోగిపోయిందంట కదా, మైకు పెట్టినా అంత వినబడదు అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, సెప్టెంబరు పరీక్షలో కూడా ఫకీరప్ప ఫెయిలైతే మీరు టైపింగ్ క్లాసు చూసుకోండి, దానికి మౌస్ అక్కర్లేదు అన్నాడు.

టైపింగ్‌కు వచ్చేది ఒకే ఒక్క అమ్మాయి. ఆమెకు కూడా శ్రావణంలో పెళ్ళి.

జూలై 8, మంగళవారం

దొడ్డిదారి దొరికింది!

వెతికే పెట్టెలో కంట్రోల్ అని కొడితే పాత ప్యానెల్ వచ్చింది. నలభై బొమ్మలూ ఉన్నాయి. ప్రింటర్ తొమ్మిదే. కాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను. వీళ్ళు దాన్ని తీసేయలేదు, దాచారు. తీసేసే ధైర్యం లేక దాచారు.

ఫకీరప్పతో ఇరవై సార్లు చేయించాను. ఒక్క తప్పు లేదు. మిర్చి బజ్జీ, మరమరాల మండక్కి తెప్పించాను. ఇప్పుడు ఏ కంప్యూటరైనా రానీ టీచరమ్మా అన్నాడు. నేను కూడా అదే అన్నాను.

ఆగస్టు 14, గురువారం

అప్‌డేట్ వచ్చింది. పాత ప్యానెల్ తెరుచుకుంటోంది. తొమ్మిదో బొమ్మ తన చోటే ఉంది. నొక్కితే ఆ తెల్ల పేజీ వస్తోంది. బోర్డు పాతది, లోపల దుకాణం వేరు.

ఆగస్టు 21

తెల్ల పేజీకే కొత్త లెక్క రాయబోయాను. ఎడమ వరస ఒకటి నుంచి పది. రెండు రోజులు కూర్చుని చార్టు సగం చేశాను. ఈరోజు తెర మీద కిటికీ చిన్నది చేస్తే ఎడమ వరసే మాయమైంది. మూలనున్న మూడు గీతల గుర్తు వెనక దాక్కుందని తర్వాత తెలిసింది. పేజీ కిందికి జరుగుతుంది, పైకి జరుగుతుంది. నిలబడని దాన్ని ఎలా లెక్కపెట్టను?

చార్టు చింపేశాను. పాత లెక్కే చెబుతున్నాను. నాకు వేరే ఏమీ రాదు.

ఆగస్టు 30, శనివారం

ఫకీరప్ప మూడుసార్లు తప్పు చెప్పాడు. తేదీని ఏడు అన్నాడు. తర్వాత ప్రింటర్‌ను రెండు అన్నాడు. స్కేలుతో బల్ల మీద కొట్టాను. యాభై మూడేళ్ళొచ్చాయి, తొమ్మిది దాకా లెక్కపెట్టలేవా అన్నాను. మిగతా ఇద్దరు విద్యార్థులూ తలలు దించుకున్నారు.

తప్పయింది టీచరమ్మా, మళ్ళీ చెప్తాను అని ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

సెప్టెంబర్ 6, శనివారం

ఫకీరప్ప కోడలు శైల వచ్చింది. ఆఫీసులో తనిఖీ ఉంది, మామయ్య ఈరోజు రారని చెప్పడానికి. వెళ్ళబోతూ గోడ మీద చార్టు చూసింది. ఇదేంటండీ, ఇంకా ఈ లెక్కే చెప్తున్నారా అని నవ్వింది.

తర్వాత దాచకుండా చెప్పింది. ఇది ఫోన్‌లాగే ఉంది కదండీ. మా ఇంట్లో ఎవరి ఫోన్ మొరాయించినా బాగుచేసేది మామయ్యే. జూన్ పరీక్ష అయ్యాక మా అన్న ల్యాప్‌టాప్ తెచ్చిపెట్టాం. వారంలో పట్టేశారు. ఓసి దీని దుంపతెగ, ఇది నా ఫోనేనే, ఒళ్ళు పెరిగిందంతే అన్నారు.

మరి నా దగ్గర తప్పులెందుకు చెబుతున్నాడని అడిగాను.

ల్యాప్‌టాప్‌దీ, మీదీ రెండూ కలిసిపోతున్నాయండీ. ఇక్కడికి వచ్చే ముందు మీ లెక్క మళ్ళీ బట్టీ పడతారు. ఎందుకీ తిప్పలు, మానేయండి మామయ్యా అంటే, టీచరమ్మ మొహం ఏమైపోతుందే అంటారు. నేను చెప్పానని అనకండి, నన్ను తిడతారు.

తొమ్మిది దాకా లెక్కపెట్టలేవా అన్నాను ఆయనను.

సెప్టెంబర్ 8, సోమవారం

వచ్చాడు. కూర్చున్నాడు. తేదీ మూడు, మౌస్ ఆరు, ప్రింటర్ తొమ్మిది. సరిగ్గా చెప్పాడు. సరే అన్నాను. ఆయనకు తెలిసింది నాకు తెలుసని ఆయనకు తెలియదు.

మానేయమని చెప్పాలి. మానేస్తే నా క్లాసులో ఇద్దరే మిగులుతారు. శెట్టర్ రోజూ అద్దాల తలుపులోంచి తలలు లెక్కపెడుతున్నాడు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

ఎల్లుండి పరీక్ష. హాల్లో చెయ్యి తడబడి నా లెక్క ముందుకొస్తే ఆయన పని అయిపోయినట్టే. ఒక్క మాట చెబితే చాలు. ఫకీరప్పా, అక్కడ నా లెక్క మరిచిపో అని. ఐదు మాటలు.

చెబుదామని గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన చెప్పులు వేసుకుంటూ, ఏంటి టీచరమ్మా అన్నాడు. బస్సు తొందరగా ఎక్కు, ఆదివారం రద్దీ ఉంటుంది అన్నాను.

సెప్టెంబర్ 21, ఆదివారం. పది గంటలు

ఇప్పుడు మొదలై ఉంటుంది. చెప్పలేదు.

అక్టోబర్ 17, శుక్రవారం

పాసయ్యాడు. ఎనభై ఒక్క మార్కులు. జిల్లాలో అటెండర్లందరిలో ఎక్కువ.

శెట్టర్ మధ్యాహ్నానికే బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ కట్టించాడు. ఫకీరప్ప ఫోటో చిన్నది. పక్కన నాది పెద్దది. నిపుణురాలైన బోధకురాలు అని రాయించాడు. అక్కా, టైపింగ్ మాట మరిచిపోండి, ఊరికే అన్నాను, జనవరి నుంచి రెండు బ్యాచ్‌లు పెడదాం అన్నాడు. పదకొండు మంది చేరారు. నీటిపారుదల ఆఫీసు నుంచే నలుగురు.

ఫకీరప్ప ధారవాడ పేడా మిఠాయి తెచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. అంతా మీ చలవ టీచరమ్మా అన్నాడు. మొహంలో ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండేది.

కాదు అనాల్సింది. శెట్టర్ పక్కనే ఉన్నాడు. పేడా తీసుకున్నాను.

అక్టోబర్ 22

బజారుకు బస్టాండు వైపు వెళ్ళడం లేదు. వెనక వీధి నుంచి వెళ్తున్నాను.

అక్టోబర్ 27, సోమవారం

క్లర్కు ఆర్డరు చూపించడానికి ఫకీరప్ప వచ్చాడు. క్లాసులో ఎవరూ లేరు. తలుపు వేసి, విద్యార్థుల బెంచీ మీద కూర్చుని, నాకు నేర్పు అన్నాను. ఆయన ఆర్డరు మడిచి జేబులో పెట్టుకుని తెల్ల పేజీ తెరిచాడు.

ప్రింటర్ ఎన్నోది అని అడిగాను.

లెక్క వద్దు టీచరమ్మా, చదవండి అన్నాడు.