ఇరవై ఐదింట నాలుగు

సరళా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అమెరికాలో, ఈ క్యారీ ఊళ్లో మనింటికి నీ ఆఫీస్ మోహన్ వచ్చి, పాతకాలపు టెలిపతీ ప్రయోగాన్ని మనం ముగ్గురం సరదాగా చేసినప్పుడు జవాబులు రాసుకున్న కాగితాలు ఇచ్చాడు. అతనో నేనో కార్డు చూస్తుంటే, దానిమీది బొమ్మేమిటో నువ్వు పక్కగదిలోంచి చెప్పేదానివి. బొమ్మలు ఐదు రకాలే కాబట్టి, ఇరవై ఐదింట ఐదు గుడ్డిగా చెప్పినా ఎవరికైనా తగులుతాయి.

"నేను చూసినవి పదకొండు చెప్పేసింది వదిన. నువ్వు చూసినవి నాలుగే, అన్నా!" అని నవ్వాడు.

అతనికి కాఫీ ఇవ్వలేదు.

ఆ ప్రయోగం చేసిన తొలి పరిశోధకుల్లో కొందరు, జవాబులు కుదరకపోతే ఒక గడి కిందికి జరిపి తర్వాతి కార్డుతో పోల్చేవారు. అది ఆత్మవంచన అని నేనే పత్రికలో రాశాను. ప్రూఫ్ నువ్వే దిద్దావు.

మోహన్ వెళ్లాక మన కాగితం తీసి, నీ జవాబులను ఒక గడి జరిపి లెక్కపెట్టాను. ఆరు వచ్చాయి.

ఇంకో గడి జరిపాను.