మామ పెట్టిన షేర్లకు రేటు

బుధవారం, చింతామణి

ఈ రోజు మా మేనమామను అడగరాని మాట అడిగాను. నా సీమంతానికి ఆయన పసుపు కుంకుమలతో పెట్టిన మిల్లు షేర్లను మొన్న అమ్మాను. వచ్చిన లాభానికి సర్కారు కొత్తగా వేసిన పన్ను కట్టాలట. లాభం తేలాలంటే మామ వాటిని ఎంతకు కొన్నాడో రాయాలన్నాడు ఆడిటర్. పసుపు కుంకుమలతో పెట్టినదానికి ధర అడగడం మా ఇళ్లలో లేదు. అయినా బాగేపల్లి వెళ్లి, తల వంచుకుని అడిగాను.

మామ లేచి, పెట్టెలోంచి రసీదు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇందులో ఉండాది చూసుకో. ఆ పొద్దు పెట్టిన కుంకానికి గూడా రేటు చెప్పల్లా అమ్మా?"

ఇంటికొచ్చి ఫారంలో కొన్న ధర గడి నింపేశాను.

మామ ఇంటి నుంచి అత్త నన్నెప్పుడూ బొట్టు పెట్టకుండా పంపదు. ఈ రోజు మరిచిపోయిందేమో...