అమ్మ పోలిక

చోడవరం

చెల్లి నూకరత్నానికి అక్క దీవెనలు. మందులు వేసుకుంటున్నావో లేదోనని ఒకటే బెంగ. ఫోనులో అయితే మధ్యలో పెట్టేస్తావని రాస్తున్నాను.

నా మనవరాలు శ్రావణి రోజుకో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి రంగులతో మొహం వేస్తోంది. ఫొటో చూసి వేయకూడదని దాని పంతం. నిన్నూ కూర్చోమంటే నువ్వేమో "అప్పుడే నాకు దండెయ్యకండర్రా" అని కసిరావట. గోడకెక్కిన బొమ్మంటే నాకూ భయమే. అందుకే నిన్న నన్ను వేశాక, రంగు ఆరకముందే నా బొమ్మ బుగ్గన దిష్టికి కాటుక చుక్క పెట్టేశాను.

"ఓలమ్మ, బొమ్మ పాడుసేసీసేవు మామ్మా!" అని నవ్వింది గుంట.

కూర్చున్నంతసేపూ ఎక్కడినుంచో బెల్లం వాసన వస్తుంటే కళ్లు మూతలు పడ్డాయి. లేచి చూద్దును కదా, బొమ్మలో నేను లేను, అమ్మ ఉంది. అవే వాలిన కళ్లు, అదే నుదురు. అమ్మకి ఒక్క ఫొటో కూడా లేదు కదా, మొహం మర్చిపోతున్నానని ఎన్నాళ్లుగానో దిగులు నాకు.

కానీ మూతి మాత్రం నాదే. అమ్మ మూతి నీకొచ్చింది.

ఈ ఉత్తరం శ్రావణి చేతే మాడుగుల పంపుతున్నాను. కాటుక భరిణె దాని సంచిలో పెట్టాను, భయపడకు. దాని ఎదురుగా కాసేపు కూర్చో. నవ్వీనవ్వనట్టు ఉండు. అమ్మ అలాగే ఉండేది.

మీ అక్క