సమ్మెలో పెరిగిన పాదాలు

మహబూబాబాద్,
నవంబర్ 2011

హెడ్మాస్టరు గారికి, ఏడో తరగతి ఖలీల్ తల్లి సలాం చెప్పి రాస్తున్నాను.

నిన్న మా ఖలీల్ చెప్పులతో వచ్చాడని వరండాలో నిలబెట్టారు. సమ్మెలో పోయిన పాఠాలు ఆదివారాలు కూడా చెబుతున్నారు కదా, వాడికి ఇంకో లెక్కల పాఠం పోయింది.

జూన్‌లో వాడికి కొత్త బూట్లు కొన్నాం. ప్రత్యేక రాష్ట్రం కోసం చేసిన సమ్మెకు బడి మూతపడింది. మీరూ మాతోపాటు రోడ్డు మీద కూర్చున్నారు. బడి తెరిచేసరికి ఆ బూట్లు వాడికి పట్టలేదు. తమ్ముడు కైసర్‌కు సరిపోతే వాడికిచ్చాను.

ఈ మాటే గేటు దగ్గర డ్రిల్లు సారుకు చెప్పాను.

"నల్లయి ఒక జత, తెల్లయి ఒక జత. అన్నదమ్ములిద్దరికి ఉండాలె," అన్నారాయన.

"సమ్మెల బడి బందయింది గని, పిల్లగాని కాలు పెరుగుడు బందయితదా సార్?" అన్నాను. ఆయన గేటు వేసుకున్నారు.

ఎదిగే పిల్లవాడికి కాలికి పట్టే జత ఒక్కటి చాలు. అది వచ్చే జూన్‌లో కొంటాను. అంతవరకు ఖలీల్ చెప్పులతోనే వస్తాడు. వాడిని బయట నిలబెడితే పక్కన నేనూ నిలబడతాను.

ఎదురింటి సుమనకు సంగతి చెబితే, "రేపు మా పోరగాండ్లను గూడ చెప్పులతోనే తోల్కొస్త అక్కా," అంది. మా వాడలో ఇంకొందరు తల్లులూ అదే మాట అన్నారు. మీ వరండాలో మాకందరికీ చోటు చాలుతుందో లేదో చూసుకోండి.

ఇట్లు,
ఖలీల్, కైసర్‌ల అమ్మ