నీలం బోర్డులు

ఏప్రిల్ 6
సెలవులు ఇంకా ఇవ్వనేలేదు, ఏలూరు అప్పుడే ఉడికిపోతోంది. వెనక రేకుల గదిలో అత్తమ్మకి మళ్లీ ఆయాసం. నెబ్యులైజర్ పెడితే గానీ తగ్గలేదు. ముందు ఆ గది వేడి తగ్గించండమ్మా అన్నారు డాక్టర్ విక్టోరియా గారు. ఈ వేసవిలోనే గది బాగుచేయిద్దామని మా ఆయన అన్నారు. కొత్త కిటికీ, రేకుల కింద వేడి ఆపే ఇన్సులేషన్, దాని కింద సీలింగ్. పని మా ఖలీద్ అన్నయ్య చూస్తాడు. తాడేపల్లిగూడెంలో అన్నయ్య సీలింగ్ వేయని షాపు లేదు.

ఏప్రిల్ 9
అన్నయ్య మూడు శాంపిల్స్ తెచ్చాడు. థర్మోకోల్, పసుపుపచ్చ దూదిలా ఉండే గ్లాస్ ఊల్, నీలం రంగు ఫోమ్ బోర్డు. థర్మోకోల్ ముక్క చేపల పెట్టెలోంచి విరిచిందట, నీచు వాసన. గ్లాస్ ఊల్ చాలన్నాడు. దాన్ని పట్టుకున్న పాపానికి సాయంత్రం దాకా వేళ్లు దురద. డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ఆ నూగు గాల్లో కలిస్తే ఆయాసం ఉన్నవాళ్లకి ప్రమాదం, వద్దే వద్దన్నారు.

ఏప్రిల్ 13, మధ్యాహ్నం 2
పెరట్లో మూడు చెప్పుల పెట్టెలు. ఒక్కోదాని మీద ఒక్కో శాంపిల్, పైన రేకు ముక్క. గంటసేపు ఎండలో పెట్టి థర్మామీటర్‌తో చూశాను. థర్మోకోల్ 39. గ్లాస్ ఊల్ 37. నీలం బోర్డు 36. టీచరువి అనిపించుకున్నావు అని ఆయన నవ్వారు. అత్తమ్మ మంచం మీంచే అడిగింది, "ఏది నెగ్గిందమ్మా?"

ఏప్రిల్ 14
నీలం బోర్డే. గ్లాస్ ఊల్ ఎందుకు వద్దో అన్నయ్యకి రెండుసార్లు చెప్పాను. నా తల మీద చెయ్యి వేశాడు. "నేనున్నాను కదమ్మా."

ఏప్రిల్ 24
బోర్డులు దిగాయి. ముప్పై రెండు. దుమ్ము లేస్తుంది, అత్తమ్మని తీసుకుని జంగారెడ్డిగూడెంలో ఆడపడుచు ఇంటికి వెళ్లి నాలుగు రోజులు ఉండి రమ్మన్నాడు అన్నయ్య. ఎంత ఆలోచించాడు! బస్సులో అత్తమ్మదీ అదే మాట.

ఏప్రిల్ 29
వచ్చేశాం. తెల్లటి సీలింగ్ ముచ్చటగా ఉంది. గది చల్లబడింది కూడా.

మే 4
అత్తమ్మకి దగ్గు.

మే 7
తగ్గలేదు. కళ్లు మంటలంటోంది. ఫ్యాన్ వేస్తే ఎక్కువవుతోంది. దుప్పటి మీద ఏదో సన్నగా మెరుస్తోంది. అన్నయ్య ఫోన్‌లో జిప్సం పొడి అన్నాడు, అదే పోతుందట. ఆయన్ని అడిగాను. జిప్సమే అయ్యుంటుందిలే అన్నారు, తల ఎత్తకుండా.

మే 12
ఇన్‌హేలర్ డోసు పెంచారు. ఇంట్లో ఏం మార్చారని డాక్టర్ గారు అడిగారు. ఫోమ్ బోర్డులేనండీ, నేనే చూసి ఎంచానండీ అని గర్వంగా చెప్పాను.

మే 18
ఫిజా వదినకి ఒంట్లో బాగోలేదంటే తాడేపల్లిగూడెం వెళ్లాను. అన్నయ్య వాళ్ల మేడ మీద రేకుల గదిలో పడుకుని ఉంది. ఏసీ లేదు. అయినా నాకు చెమట పట్టలేదు. పైకి చూశాను. సీలింగ్ ఇంకా మూయలేదు. నీలం బోర్డులు.
పాపం, వదినకేమీ తెలియదు. "మీ ఇంట్లో మిగిలినవే కదా అర్షియా, మీ అన్నయ్య తెచ్చి వేశారు" అంది.
మిగిలినవి గది మొత్తానికి సరిపోయాయి. లెక్కపెట్టాను. ముప్పై రెండు. మంచినీళ్లు తాగి వచ్చేశాను.

సాయంత్రం 6
మెయిన్ ఆపి, స్టూలు ఎక్కి, సీలింగ్ లైటు ఊడదీశాను. కన్నంలోంచి పసుపుపచ్చ ఊల్. కొత్తది కూడా కాదు. మసిబారి, చీకిపోయి ఉంది. ఒక ముద్ద ఊడి నా మొహం మీద పడింది. మొహం కడుక్కుని, అత్తమ్మ మంచం ముందు గదిలోకి మార్చాను.

మే 19
అన్నయ్యని పిలిపించాను. అరవలేదు. ఎందుకని మాత్రం అడిగాను. మండవల్లి దగ్గర ఐస్ ఫ్యాక్టరీ కూలగొడుతుంటే తెచ్చిన ఊల్ అట. వేడి ఆగుతోంది కదా, ఇంకేం కావాలన్నాడు. డాక్టర్ గారి మాట గుర్తుచేశాను. అప్పుడు గొంతు తగ్గించాడు. "ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. ఇంకెన్నాళ్లమ్మా? నాకు చిన్నపిల్లలున్నారు."
అత్తమ్మ పక్క గదిలోనే ఉంది.
వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, నౌషాద్ బావగారికి అన్నీ తెలుసు, ఆయన్నే అడుగు అన్నాడు.

మళ్లీ, మధ్యాహ్నం
తెలుసట. బోర్డులు ఆటోలోకి ఎక్కిస్తుంటే అక్కడే నిలబడి చూశారట. మీ అన్నయ్య కదా, కాదనడానికి మొహమాటపడ్డానన్నారు. నువ్వు బాధపడతావని చెప్పలేదన్నారు.
ఒక్కటే అడిగాను. "ఏవండీ, పదిహేను రోజులుగా మీ అమ్మ దగ్గు మీకూ వినపడింది కదండీ?"
చొక్కా వేసుకుని తన జిరాక్స్ షాపుకి వెళ్లిపోయారు.
అన్నయ్య మోసం చేశాడని నలుగురికీ చెప్పుకోగలను. ఇది ఎవరికి చెప్పుకోను?

మే 22
ముందు గదిలోకి ఎందుకు మార్చావని అత్తమ్మ మళ్లీ అడిగింది. అంతా చెప్పేశాను, కొడుకు సంగతితో సహా. గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత, "చెప్పకపోతే పోయేది కదమ్మా" అంది.
నేనూ దాచితే ఈ పనిలో ముగ్గురం అవుతాం అత్తమ్మా, అన్నాను. నా చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

మే 26
శామ్యూల్ గారని మా వీధి కార్పెంటర్‌ని పిలిచాను. మాస్కులు కట్టుకుని సీలింగ్ విప్పాం. ఊల్ అంతా సంచుల్లో కట్టి పంపేశాం. మా ఆయన సాయానికి వచ్చారు. అక్కర్లేదండీ అన్నాను. అన్నయ్య నుంచి రెండుసార్లు ఫోన్ మోగింది. ఎత్తలేదు. కొత్త బోర్డులు నేనే తెస్తాను, నేనుండగానే బిగించాలని శామ్యూల్ గారికి చెప్పాను.

జూన్ 8
వాన. ఖాళీ గది తుడుస్తున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి ఏదో అన్నారు. రేకుల మీద చప్పుడుకి వినపడలేదు. మళ్లీ చెప్పమని అడగలేదు.