మీ సందు మలుపులో ఆగిన మైకు కారు

ఇవొనేతి వదినా,

నాకు రాత రాదు. చర్చి గుమాస్తా చేత రాయిస్తున్నాను. నా మాట ఒక్కటి కూడా మెత్తన చెయ్యవద్దని అతనికి చెప్పాను.

మీ అక్క చావు కబురు వీధివీధీ తిరిగి చాటే మా మైకు కారు నీకు వినిపించలేదని, నువ్వు వచ్చేసరికి పూడ్చేశారని, అది మెకానిక్ అదెల్మో పాపమని సంతలో తిడుతున్నావట. అతని కొట్టుకు ఇప్పుడు ఎవరూ పోవడం లేదు. అతన్ని వదిలెయ్యి.

ఆంప్లిఫయర్ చెడితే స్పీకర్లు కాలిపోకుండా మధ్యలో ఒక రిలే ఉంటుంది. తేడా వస్తే టక్కున కరెంటు తెంపేస్తుంది. నెలరోజులుగా అది మాటిమాటికీ తెంపుతుంటే పీకెయ్యమని అదెల్మోకు చెప్పాను.

"పెద్దమ్మా, అది ఊరికే తెంపదు. ఆంప్లిఫయర్‌లోనే జబ్బుంది" అన్నాడు.

"జబ్బు నీ బుర్రలో ఉంది. వైరు నేరుగా కలుపు" అన్నాను. కలిపాడు.

ఆ పొద్దున మీ సందు మలుపుకు వచ్చేసరికి స్పీకర్లలోంచి పొగ వచ్చింది. మన పెర్నంబుకో ఎండలకు శవాన్ని సాయంత్రం దాకా ఉంచరు. నీకు ఫోను లేదు. కారు చెప్పే ఉంటుందని అందరూ అనుకున్నారు.

ఎవరికీ తెలియనిది ఇంకొకటి ఉంది. నేనూ కారులోనే ఉన్నాను. "అమ్మా, అత్తకు నడిచి వెళ్లి చెప్పొస్తాను" అన్నాడు కారు నడుపుతున్న మా అబ్బాయి జెనివాల్. "ముందు స్పీకర్ల సంగతి చూడరా, ఆవిడకు ఎవరో ఒకరు చెబుతారు" అన్నాను. మీ తలుపు అక్కడికి కనిపిస్తూనే ఉంది. తెరిచే ఉంది.

ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడతాను. అందరి ముందూ నన్ను తిట్టు.