పోర్టల్‌లో లేని బిడ్డ

జిల్లా పర్యవేక్షణాధికారి గారికి,
తీర రేవుల నిర్వహణ సంస్థ, నెల్లూరు.

కోటమ్మపాళెం రేవులో టోకెన్ గుమస్తాగా పనిచేస్తున్న పామంజి రోజారమణి పంపుకొంటున్న అర్జీ.

అయ్యా,

విషయం: ప్రసూతి సెలవు ముగించుకొని విధులలో చేరిన నన్ను సంగం చేపపిల్లల కేంద్రానికి బదిలీ చేయుట, నా ఇద్దరు బిడ్డలలో ఒకరిని రికార్డుల నుండి తొలగించుట, అదే చేత్తో ఆరు పడవలను కూడా తొలగించుట గురించి.

నేను ఆరేళ్లుగా ఈ రేవులో టోకెన్లు ఇస్తున్నాను. తెల్లవారుజామున వేటకు పోయే ప్రతి పడవకూ టోకెన్ ఇచ్చి పేరు రాసుకోవడం, తిరిగి వచ్చాక టోకెన్ తీసుకొని ఆ పేరు కొట్టివేయడం నా పని. సాయంత్రానికి టోకెన్ వెనక్కి రాకపోతే ఆ పడవ ఇంకా నీళ్ల మీద ఉన్నట్టు లెక్క. అప్పుడు గస్తీ వాళ్లకు కబురు చేస్తాను. చూడ్డానికి చిన్న ఉద్యోగమే. ఇందులో తప్పు జరిగితే మాత్రం మనిషి ఇంటికి రాడు. ఇక నా బాధలు ఈ కింది విధంగా మనవి చేసుకుంటున్నాను.

1. నాకు కవలలని స్కానింగులో తేలింది. సెలవు కాగితం తీసుకుపోయిన రోజున రేవు సూపరింటెండెంట్ సుధాకర్ గారు "ఒక్క కాన్పుకు ఇన్ని నెలలా?" అన్నారు. "ఇద్దరు సార్" అన్నాను. "ఒకే ఖర్చులో ఇద్దరు. నీకు కలిసొచ్చింది గదమ్మా" అని ఆఫీసంతా వినేలా అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వును ఈ అర్జీ ద్వారా వెనక్కి తీసుకుంటున్నాను.

2. ఈ నెల మూడో తేదీ ఉదయం విధులలో చేరాను. నా కుర్చీలో ప్రింటర్ కూర్చుని ఉంది. పాలిచ్చే తల్లుల కోసం తమరే మంజూరు చేసిన పక్కగదిలో సుధాకర్ గారి బుల్లెట్ బండి ఉంది. ఎండ తగిలితే సీటు పాడవుతుందట. ఇద్దరు బిడ్డలనూ చెరో చంకన వేసుకుని మా అత్త పిచ్చమ్మ వస్తే గేటు దగ్గరే ఆపేశారు. నేను ఐస్ పెట్టెల వెనక కొంగు అడ్డం పెట్టుకుని పాలు పిండి సీసాలో పట్టి పంపాను. మధ్యాహ్నానికి బదిలీ ఉత్తర్వు చేతికిచ్చారు. వచ్చే నెల ఒకటో తేదీ నుండి సంగంలో చేపపిల్లల లెక్క రాయాలి. రెండు బస్సులు మారాలి. పొద్దున చీకటితో పోతే రాత్రి అన్నాల వేళకు గానీ ఇల్లు చేరను. అంతసేపు నా బిడ్డలు ఏం తాగాలో ఉత్తర్వులో రాయలేదు.

3. కవలలున్న తల్లిని బిడ్డలకు ఏడాది నిండేవరకు కదిలించరాదని మన సంస్థ సర్క్యులరే చెబుతోంది. అది చూపించాను. సుధాకర్ గారు కంప్యూటర్‌ను నా వైపు తిప్పారు. అందులో నాకు ఒక్కటే బిడ్డ. పేరు ప్రత్యూష.

"ఇంకో బిడ్డ ఏది సార్?"

"డూప్లికేట్ కింద తీసేసినాం. ఒకే తేదీ, ఒకే తల్లి, ఒకే తండ్రి. పోర్టల్ ఎర్ర గుర్తు చూపిస్తా ఉంది. ఎర్ర గుర్తులు ఉండకూడదని పైనుంచి ఆర్డరు."

"కవలలకు తేదీ ఒకటే ఉంటది గద సార్."

"అయ్యన్నీ మిషనుకు ఎట్టా తెలుస్తాయి రోజా? ఒక్క బిడ్డే కాబట్టి నువ్వు సంగం పోవచ్చు."

అయ్యా, ఆ చిన్నది అక్క కంటే మూడు నిమిషాలు వెనక పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. పదకొండు రోజులు అద్దాలపెట్టెలో ఉంది. బతుకుతుందని డాక్టరమ్మ కూడా చెప్పలేకపోయింది. అది బతికింది. దాన్ని సుధాకర్ గారు ఒక్క నొక్కుతో తీసేశారు. ఆయన మీద నాకున్నది పగ. ఆ మాట రాసుకోవడానికి ఫారంలో గడి లేదు కాబట్టి ఫిర్యాదు అంటున్నాను.

4. మా పాళెంలో సముద్రం నుంచి తిరిగిరాని మనిషి పేరును ఆ ఇంటి పడవలన్నిటికీ పెడతాం. అన్నదమ్ములు వేరుపడినా, కొత్త పడవలు కొన్నా పేరు మారదు. మా మామ చిన్నపోలయ్య పద్నాలుగేళ్ల కిందట వేటకు పోయి రాలేదు. అందుకని రేవులో ఏడు పడవల మీద చిన్నపోలయ్య అనే ఉంటుంది. నంబర్లు ఉప్పునీళ్లకు చెరిగిపోతుంటాయి. ఏది ఎవరిదో ముక్కు మీది బొమ్మను బట్టి గుర్తుపడతాం. ఒకదానికి కన్ను, ఒకదానికి తామరపువ్వు, నా భర్త ప్రసాద్ పడవకు రెండు ఎర్ర చారలు. ఏ బొమ్మది ఏ నంబరో నేను ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను.

నేను సెలవులో ఉండగా సుధాకర్ గారు పోర్టల్‌లో ఆ పేరును ఏడుసార్లు చూసి, ఒకటి ఉంచి ఆరు డూప్లికేట్లని తీసేశారు. తీసేసిన వాటిలో నా ఇంటి పడవ ఉంది. ఆ సంగతి దాచను. పద్దెనిమిది రోజులుగా ఆరు పడవలకు టోకెన్లు లేవు. మా అత్త గేటు దగ్గర నిలబడి ఆయనతో అన్న మాటను యథాతథంగా సమర్పిస్తున్నాను:

"నా మొగుణ్ణి సముద్రం ఒక్కసారే తీసుకుపోయింది నాయనా. నువ్వు కుర్చీలో కూర్చోని ఆరుసార్లు చంపినావు."

5. నా మరిది వినోద్ ఇంట్లో కూర్చోలేక టోకెన్ లేకుండానే పోయాడు. నడిసముద్రంలో ఇంజను ఆగిపోయింది. రిజిస్టరులో లేని పడవ కాబట్టి సాయంత్రం గస్తీ వాళ్లు వెతకలేదు. మరునాడు మధ్యాహ్నం జువ్వలదిన్నె పడవల వాళ్లు చూసి తాడు కట్టి లాక్కొచ్చారు. అతనికి నాలుక ఎండి రెండు రోజులు మాట రాలేదు. ఆ రెండు రోజులూ మా అత్త అన్నం ముట్టలేదు.

6. మొన్న సుధాకర్ గారు నన్ను గదిలోకి పిలిచారు. కూర్చోమని కూడా అన్నారు. తమరు ఇరవయ్యో తేదీన తనిఖీకి వస్తున్నారట. "ఆ నోటుబుక్కు ఇయ్యమ్మా, ఎంట్రీలు సరిచేసుకుంటాం. ఇచ్చేసి నిదానంగా సంగం పో" అన్నారు. రికార్డులో లేనిది ఉన్నట్టు కాదని నాకు నేర్పింది ఆయనే. స్టాకు రిజిస్టరు తెప్పించి చూశాను. అందులో నా నోటుబుక్కు లేదు. కనుక అది లేదని చెప్పి వచ్చేశాను.

దాని నకలు తమరికి మాత్రం ఈ అర్జీతో జతచేస్తున్నాను. పడవలను చూసి ఈ రోజే తిరిగి ఎక్కించగలరు. సరిచేసిన ఘనత సుధాకర్ గారికి దక్కకూడదు. నా సంగం ఉత్తర్వు రద్దు కావాలి. పక్కగదిలోంచి బుల్లెట్ బండి ఎండలోకి రావాలి, సీటు పగిలినా సరే.

చివరిది ఒకటి ఉంది. ఇది ఏ సర్క్యులర్‌లోనూ లేదు, తమరు పెద్ద మనసు చేసుకోవాలి. సుధాకర్ గారు ఒక ఉదయం ఒడ్డుకు రావాలి. బూట్లు విప్పి మోకాటి లోతు నీళ్లలో నిలబడి, ఒక్కొక్క బొమ్మనూ చూసి, చిన్నపోలయ్య అని ఏడుసార్లు గట్టిగా పిలిచి ఏడు టోకెన్లూ తన చేత్తో ఇవ్వాలి. మా అత్తకు చెవి కాస్త మందం. ఆమె "వినపడింది" అనేవరకు పిలవాలి. క్షమాపణ అక్కర్లేదు, అది ఆయన దగ్గరే ఉంచుకోవచ్చు.

నా రెండో బిడ్డ పేరు ఈ అర్జీలో ఎక్కడా రాయలేదు. మరచిపోయి కాదు. తీసేసిన చెయ్యే రాయాలి.

తమరు తీరిక ఉంటే నిదానంగా, లేకపోతే నిలబడైనా చిత్తగించవలెను.

ఇప్పటివరకూ తమ విధేయురాలు,
పామంజి రోజారమణి

తా.క.: ఈ పొద్దున చిన్నదానికి కడుపునిండా పాలిచ్చి, సుధాకర్ గారి టేబుల్ మీద సంగం ఉత్తర్వు పక్కన పడుకోబెట్టి బయటికి వచ్చాను. లేని బిడ్డ ఆఫీసులో ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు కదా. మా అత్తను ఈసారి గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. ఆమె టేబుల్ పక్కనే కూర్చుని ఒక చేయి బిడ్డ మీద వేసి ఉంది, తమరు కంగారు పడవద్దు. నేను ఐస్ పెట్టె మీద కూర్చుని అర్జీ పూర్తి చేశాను. ఇప్పుడే సుధాకర్ గారు బిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చారు, వెనకే మా అత్త. చొక్కా ముందంతా తడిసింది.

"ఊరుకోవడంలా రోజా. ఏమని పిలవాల దీన్ని?" అన్నారు.

"బిడ్డ ఉందని రాసి సంతకం పెట్టండి సార్. పేరు చెప్తా" అన్నాను.

ఖాళీగా ఉన్న చేత్తో పెన్ను కోసం జేబులు తడుముకుంటున్నారు.